ఊపిరి తీసేసిన పాట

త్రినీ ముసలమ్మ కుర్చీ తెచ్చి మనవరాలి గది గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చుంది. ఒళ్ళో మనవరాలి నాట్యం బూట్లు ఉన్నాయి. మేకులు దిగ్గొట్టిన మడమలు పైకి కనిపించేలా రెండింటినీ రెండు చేతులతో ఒడిసి పట్టుకుంది. నిన్న మధ్యాహ్నం నుంచి ఆవిడ ఇంట్లోవాళ్ళతో నోరు విప్పలేదు, ముద్ద ముట్టలేదు.

"అత్తయ్యా, కాఫీ చల్లారిపోతోంది," అంది కోడలు సలూద్.

త్రినీ బొటనవేలితో బూటు మడమ మేకులు తడుముకుంది.

"రొట్టె కూడా కాల్చాను. మీకు నచ్చినట్టే నూనె వేశాను."

ముసలమ్మ గోడవైపు చూసింది. ఆ గోడకి టీవీ ఉంది, టీవీ మీద నల్లగుడ్డ ఉంది. ముసలమ్మ భర్త, పాటగాడు, పోయిన రోజు కప్పిన గుడ్డ అది. రేడియో అటకెక్కింది. కొడుకు బస్తియాన్ గిటారు పెట్టెలోంచి బయటికి రాలేదు. ఆడవాళ్ళు నలుపు తప్ప మరో రంగు తొడగలేదు. హెరెస్ ఊరంతా చెవులు రిక్కించి వినే పాట పుట్టిన ఇల్లు అది. ద్రాక్ష కోతలు వచ్చి వెళ్ళాయి, మళ్ళీ వచ్చి వెళ్ళాయి, ఆ ఇంట్లో మాత్రం ఒక్క కూనిరాగం వినపడలేదు. ఆయన పేరు కూడా ఎవరూ పలకరు. పోయినవాళ్ళని పేరు పెట్టి పిలిస్తే నిద్రపోతున్నవాళ్ళని లేపినట్టేనని మన హితానోల, జిప్సీల, నమ్మకం. "ఆయన" అంటారు, అంతే. ఆ ఒక్క మాటకే ఇంట్లో అందరి గొంతులూ తగ్గుతాయి.

అలాంటి ఆయన నిన్న చేపల కొట్టు దగ్గర త్రినీకి ఎదురొచ్చాడు. ముందు నిలబడ్డ పిల్ల ఫోన్ తీసి పక్క పిల్లకి ఏదో చూపించింది. ఫోన్లో మనవరాలు సమారా ఆడుతోంది, కింద ఏవో మెషీన్ డప్పులు దడదడలాడుతున్నాయి, వాటి మీద ఆయన పాడుతున్నాడు. అది ఎల్లుండి ఊళ్ళో పెద్ద థియేటర్లో జరగబోయే సమారా కొత్త ప్రదర్శనకి ప్రకటన. ముసలమ్మ కొన్న చేపల్ని కొట్లోనే వదిలేసి గోడ పట్టుకుంటూ ఇంటికి వచ్చింది. వచ్చి మనవరాలి బూట్లు లాక్కుంది.

"అమ్మా, నా బూట్లు ఇప్పించు," అని గదిలోంచి అరిచింది సమారా.

"నువ్వే అడుగు."

"అడిగాను. గోడకి చెప్పుకున్నా కాస్త నయం."

"నానమ్మతో మాట్లాడే పద్ధతేనా అది?"

"ఆవిడ నాతో మాట్లాడితే కదా పద్ధతి సంగతి. అక్కడ అందరూ రిహార్సల్‌కి వచ్చి కూర్చున్నారు. ఆ డప్పులు కట్టిన బార్సిలోనా ఓరియోల్ పొద్దుట్నుంచి ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు. నాన్నేడి?"

"మండువాలో ఉన్నాడు. నిన్నట్నుంచీ కాగితప్పూల తీగ కత్తిరిస్తున్నాడు. ఇంకొక్క పూట కత్తిరిస్తే అక్కడ తీగే ఉండదు."

బస్తియాన్ మండువాలోంచి ఒకసారి తొంగి చూసి, అందులో తనకి పని లేదని తేల్చుకుని, మళ్ళీ కత్తెర ఆడించాడు. ఇంట్లో ఇద్దరాడవాళ్ళు ఎదురుపడితే మూడో ఆడదాన్ని ముందుకు తోసి మొక్కల్లోకి తప్పుకోవడం అతనికి పెళ్ళినాటి నుంచీ అలవాటే.

సలూద్ కాఫీ కప్పు పట్టుకుని మధ్యలో నిలబడింది. ఆమెకి విషయం స్పష్టంగానే తెలుసు. అత్తగారు నెగ్గితే కూతురు సంచి సర్దుకుని బార్సిలోనా వెళ్ళిపోతుంది, ఇక ఈ ఊరి మొహం చూడదు. కూతురు నెగ్గితే అత్తగారు మంచం పడుతుంది, ఆ మంచం మీంచి లేవదు. ఈ ఇద్దరి మధ్యా తనకంటూ ఒక పక్షం లేదు. ఇద్దరూ కావాలి ఆమెకి.

"నానమ్మకి మెషీన్లంటే గిట్టదు, అదీ సంగతి," అంది సమారా గుమ్మం దాకా వచ్చి, కుర్చీ వీపు మీద చేతులు ఆనించి. "గిటారూ చప్పట్లూ తప్ప ఇంకేం వినపడినా మీకందరికీ చెవి పోటు వస్తుంది."

ముసలమ్మ బూట్లని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"చూశావా, నేను చెప్పలా," అంది సమారా.

వీధి తలుపు మీద చేతికర్ర చప్పుడైంది. పొద్దున్నే పక్కింటావిడ చేత అత్తగారు ఎవరికి కబురు పంపిందో సలూద్‌కి అప్పుడు అర్థమైంది.

వచ్చినవాడు లొరెన్సో. పోయిన ఆయనకి స్వయానా అన్న. ఎనభై దాటి చాలాకాలమైనా కోటు లేకుండా, బూట్లకి మెరుగు లేకుండా గడప దాటని మనిషి. వాళ్ళుండే సాన్తియాగో పేటలో పెళ్ళి కుదరాలన్నా, రెండు కుటుంబాల తగువు తీరాలన్నా ఆయన మాట పడాలి. తమ్ముడు పాడితే పక్కన కూర్చుని తాళం పట్టినవాడు ఆయనే. తమ్ముడు పోయాక ఇక తాళం వెయ్యనని ఒట్టు పెట్టుకుని, ఆ చేతులు చేతికర్ర పట్టుకోవడానికి తప్ప ఎత్తలేదు.

లొరెన్సో మండువాలో బల్ల దగ్గర కూర్చున్నాడు. బస్తియాన్ కత్తెరతోనే లేచి నిలబడ్డాడు. త్రినీ తన కుర్చీ గుమ్మంలోంచి కదిపి మండువాకి తెచ్చుకుంది కానీ బూట్లు మాత్రం వదల్లేదు. కుర్చీ అడ్డం తొలగ్గానే సమారా బయటికి వచ్చి, కాళ్ళకి మేజోళ్ళతోనే చల్లటి పలకల మీద నిలబడింది.

"ఏం తల్లీ," అన్నాడు లొరెన్సో తీరిగ్గా. "దేశాలన్నీ తిరిగొచ్చి మా తమ్ముణ్ణి మెషీన్లో వేసి రుబ్బుతున్నావటగా."

"రుబ్బడమేంటి పెద్దతాతయ్యా. పాట కింద కొత్త తాళం వేశాం."

"విన్నాలే. మా ఇంట్లో ఫ్రిజ్ కూడా అచ్చం అలాగే మోగుతుంది. దానికి నేను టిక్కెట్టు పెట్టలేదు."

బస్తియాన్‌కి నవ్వొచ్చి దగ్గుగా మార్చుకున్నాడు. సమారా తండ్రివైపు ఒక చూపు చూసింది.

"మీరు నవ్వండి. పెట్టె మీద కూర్చుని వాయిస్తారు చూడండి, అది మన తాతముత్తాతలది కాదు. సముద్రం అవతల, పెరూ నుంచి వచ్చింది. అది వచ్చిన కొత్తలో మీరే పళ్ళబుట్ట అని వెక్కిరించారట కదా. ఇప్పుడది లేకుండా మనవాళ్ళ పెళ్ళి జరుగుతోందా? మీ మనవడి పెళ్ళిలో అందరూ పెట్టెలే వాయించారు."

"పెట్టె చచ్చిపోయిన మనిషి కాదు కదమ్మా," అన్నాడు లొరెన్సో. "దాన్ని కొట్టినా అడిగేవాళ్ళు లేరు."

సలూద్ వంటింట్లోకి వెళ్ళి శనగలు ఉడుకుతున్న కుండ కింద మంట తగ్గించి మళ్ళీ వచ్చింది. ఈలోగా ఒక్క మాట కూడా పోగొట్టుకోకూడదన్నట్టు గబగబా వచ్చింది.

"నేను చెప్పేది ఇంతే," అన్నాడు లొరెన్సో. "ఇంట్లో శోకం ఉంది. పోయినవాడి గొంతు బజారున పడెయ్యడం మన ఇంటా వంటా లేదు. ఆ గొంతు తీసేసి ఆడుకో, ఎవరూ కాదనరు. తియ్యనంటావా, ఈ ఇంటి పేరు పెట్టుకోకుండా ఆడుకో, ఈ గడప తొక్కకుండా బతుకు."

"తీసేస్తే ఏం మిగులుతుంది?"

"నీ కాళ్ళున్నాయిగా."

"నా కాళ్ళు ఆ గొంతుతోనే నడిచాయి పెద్దతాతయ్యా." సమారా ఒక అడుగు ముందుకి వేసింది. "నాకు మాటలు రాకముందు ఆ గొంతు వచ్చు. తాతయ్య పోయినప్పుడు ఈ మండువా నిండా ఏడ్చేవాళ్ళే. ఒకళ్ళు జుట్టు పీక్కున్నారు, ఒకళ్ళు గోడకేసి తల బాదుకున్నారు. నాకు ఏడవడానికి చోటు దొరకలేదు. ఆ తర్వాత పాటలు ఆపేశారు, పేరు ఆపేశారు. ఎక్కడ ఏడవను? ఆ గొంతు పెట్టుకుని ఆడితేనే నాకు ఏడుపొచ్చింది. ఆ ప్రదర్శన అంతా అదే. అది తీసెయ్యమంటే ఎలా?"

సలూద్‌కి ఆ సంగతి తెలియదు. తన కూతురు ఏడవలేదని పేటలో ఆడవాళ్ళు అనుకుంటే తానూ లోపల్లోపల నొచ్చుకుంది, బయటి ఊళ్ళ నీళ్ళు తాగి రాయైపోయిందనుకుంది. ఇప్పుడు సిగ్గేసింది.

అప్పుడు త్రినీ నోరు విప్పింది.

"వినిపించు," అంది.

లొరెన్సో ఉలిక్కిపడ్డాడు. "త్రినీ, ఇంట్లో శోకం ఉందని ఇప్పుడేగా చెప్పాను."

"తెలుసు బావగారూ. ఆ శోకం నాది. వినిపించవే సమారా. నేను విన్నది వీళ్ళూ విననీ."

సమారా ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

మొదట డప్పులు వచ్చాయి, ఎక్కడో భూమి అడుగునుంచి వస్తున్నట్టు. వాటి మీదికి ఆయన వచ్చాడు.

సలూద్ బల్ల అంచు పట్టుకుంది. ఇన్నాళ్ళకి మళ్ళీ ఆ గొంతు. అది తియ్యటి గొంతు కాదు. చీరుకుపోయిన గొంతు, వెలుగు చొరబడని చోటునుంచి పెళ్ళగించి తెచ్చినట్టుండే గొంతు. పాడుతున్నది సిగిరియా. మన పాటలన్నింటిలోకీ బరువైనది అదే, చావుని ముందు కూర్చోబెట్టుకుని పాడేది. సమారా బాప్టిజం నాడు ఇదే మండువాలో ఆయన ఇదే పాట పాడాడు. పాట అయ్యేసరికి మగవాళ్ళు నిలువునా చొక్కాలు చింపుకున్నారు. ఆ ఆనందాన్నీ ఆ నొప్పినీ పట్టుకోవడానికి ఒంటి మీద ఉన్న బట్ట సరిపోలేదు వాళ్ళకి. మర్నాడు పేటలో ఆడవాళ్ళంతా గుమ్మాల్లో కూర్చుని గుండీలు కుట్టుకున్నారు, మొగుళ్ళని తిట్టుకుంటూనే. సలూద్ కూడా కుట్టింది. ఒక మనిషి నోట్లోంచి వచ్చే గాలి ఇంతమందిని ఇలా ఎలా చెయ్యగలదా అని సూది పట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయింది ఆ రోజు. ఆ అబ్బురం ఆమెకి ఇంకా తీరలేదు.

*తలుపు వేయకమ్మా, వాన కురిసినా,* అని పాడాడు ఆయన.

*నేను రాకపోయినా...*

డప్పులు ఎగిశాయి.

*నేను రాకపోయినా... నేను రాకపోయినా... నేను రాకపోయినా...*

అదే ముక్క మళ్ళీ మళ్ళీ తిరుగుతోంది. ప్రతిసారీ పైకి లేస్తోంది, లేచిన చోటే తెగి మళ్ళీ మొదలవుతోంది. ఓరియోల్ అక్కడ చేసిన పని తక్కువదేం కాదు. వింటుంటే ఒళ్ళు జలదరిస్తుంది. లొరెన్సో కూడా కళ్ళు మూసుకున్నాడు.

"ఊపిరేదే?" అంది త్రినీ.

సమారా అర్థం కానట్టు చూసింది. "ఏ ఊపిరి నానమ్మా?"

"ఆయనది. ముక్కకీ ముక్కకీ మధ్య ఊపిరి ఏది?"

సమారా ఫోన్ వైపు చూసింది. ఇంకోసారి తిరిగింది పాట. ఇంకోసారి. ఆమె మొహంలో రంగు మెల్లగా దిగిపోవడం సలూద్ చూసింది.

"ఓరియోల్ శుభ్రం చేశాడు," అంది సమారా, వినీ వినపడనట్టు. "పీల్చుకునే చప్పుడు, గొంతు సర్దుకునే చప్పుడు... అది రొద అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"సరే అన్నాను."

త్రినీ చెయ్యి చాపి ఫోన్‌ని బల్ల మీద బోర్లించింది. పాట ఆగలేదు, కింద నొక్కుకుపోయి వస్తోంది. సమారా గబుక్కున తీసి ఆపింది.

"చివరి నెల ఆయన మొహానికి ఆ గాలి గొట్టం పెట్టుకుని పడుకున్నాడు," అంది త్రినీ. గొంతు పెంచలేదు, కూరగాయల బేరం మాట్లాడినంత మామూలుగా చెప్పుకుపోయింది. "గుక్కెడు గాలి కోసం ఎంత పాకులాడాడో మంచం పక్కన కూర్చుని చూసినదాన్ని నేను. నిన్న చేపల కొట్టులో ఆయన పాడుతుంటే విన్నాను. ఊపిరి లేకుండా పాడుతున్నాడు. ఆపనివ్వడం లేదు ఎవరో. ఆయన పాట ఎక్కించాడంటే దించకుండా లేచేవాడు కాదు. అన్నం చల్లారిపోయినా లేచేవాడు కాదు. ఊపిరి పీల్చుకుని, చివరి మాట అందుకుని, మెల్లగా కిందికి దించి, అప్పుడు గ్లాసు అందుకునేవాడు. నువ్వు ఆయన్ని తీసుకెళ్ళి పైన వేలాడదీశావు. దించవు. మళ్ళీ పాడు, మళ్ళీ పాడు అంటావు. బతికున్నవాళ్ళ చేత కూడా ఇంత చాకిరీ ఎవరూ చేయించరే తల్లీ."

సమారా పలకల మీద కూలబడింది.

"మెషీన్ సంగతి నాకక్కర్లేదు," అంది త్రినీ. "కావాలంటే మీ పెద్దతాతయ్య ఫ్రిజ్ పట్టుకుపోయి ఆడుకో."

సమారా రెండు చేతులతో పాదాలు పట్టుకుని కూర్చుంది.

"నా కాళ్ళకి తెలిసింది నానమ్మా," అంది చివరికి. "ఆ చోటుకి వచ్చినప్పుడల్లా దిగడానికి చూసేవి. అలవాటు అలాంటిది. నేనే ఆపాను. దిగకపోవడమే కొత్త అనుకున్నాను. ఈ ఇంట్లో పుట్టి నేను కనుక్కోలేకపోయాను."

సలూద్ వెళ్ళి కూతురి తల మీద చెయ్యి వేద్దామనుకుంది. అత్తగారి చూపు చూసి ఆగిపోయింది.

"తీసేస్తాను," అంది సమారా. "ఆ పాటంతా తీసేస్తాను."

"తీసేసి ఏం ఆడతావు?"

"తెలియదు. ఆ చోట ఖాళీగా ఉంటుంది."

"అయితే లే. ఆ ఖాళీ ఎంతుందో చూద్దాం. ఆడు."

"ఇక్కడా?"

"ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ నేర్చుకున్నావు నువ్వు?"

"మరి బూట్లు..."

"బూట్లు ఇవ్వను. శోకం ఉన్న ఇంట్లో అంత చప్పుడు దేనికి."

లొరెన్సో చేతికర్రని బల్లకి ఆనించాడు. సమారా లేచి, కళ్ళు తుడుచుకోకుండానే, మండువా మధ్యకి నడిచింది. బస్తియాన్ కత్తిరించి పడేసిన కొమ్మల్ని కాలితో పక్కకి నెట్టింది.

మొదట ఏమీ చెయ్యలేదు. నిలబడింది, అంతే. తర్వాత చేతులు లేచాయి. ఎవరో నీళ్ళలోంచి పైకి లాగుతున్నంత నెమ్మదిగా, బరువుగా లేచాయి. సలూద్ ఆ చేతులకి చిన్నప్పుడు గోళ్ళు కత్తిరించింది, వేళ్ళకి పుళ్ళు పడితే మందు రాసింది. అవి తన కూతురి చేతులేనని ఇప్పుడామెకి నమ్మకం కుదరలేదు. మేజోళ్ళ పాదాలు పలకల మీద పడుతుంటే చప్పుడు రావడం లేదు. చప్పుడు లేని ఆ అడుగుల్లో సిగిరియా తాళం మాత్రం తప్పు లేకుండా ఉంది. పొట్టిగా రెండు, పొడుగ్గా రెండు, మళ్ళీ పొట్టిగా ఒకటి. కుంటుకుంటూ శవం వెనక నడిచేవాళ్ళ నడక అది.

ఆ తాళం వినిపిస్తోంది కూడా. ఎక్కణ్ణుంచో సలూద్‌కి ముందు తెలియలేదు. చెక్క మీద ఎముక తగిలిన చప్పుడు, పొడిగా, నిక్కచ్చిగా ఉంది. అటు తిరిగి చూసి మళ్ళీ ఇటు తిప్పుకుంది చూపు.

సమారా తిరిగింది. ఒక్కసారే తిరిగి, తిరుగుడు పూర్తయ్యే చోట ఆగిపోయింది. గొంతు రావలసిన చోటు అది. చేతులు పైనే ఉన్నాయి, వేళ్ళు తెరుచుకుని ఉన్నాయి, అక్కడ ఏమీ లేదు. ఆ ఖాళీ అంత పెద్దదని సలూద్ ఊహించలేదు. బస్తియాన్ కత్తెర నేలమీద పెట్టేశాడు.

ఊపిరి వినిపించింది. లోతుగా, గరగరమని, ముసలి ఛాతీలోకి గాలి దిగిన చప్పుడు.

*నేను రాకపోయినా...*

పాడుతున్నది త్రినీ.

సలూద్ ఈ ఇంటికి కోడలై వచ్చినప్పట్నుంచీ అత్తగారి నోట జోలపాట తప్ప విన్నది లేదు. పెళ్ళికి ముందు పాడేదని ఎవరో ఎప్పుడో అన్నారు. తన ఇంటి ఆడది పరాయివాళ్ళ ముందు పాడకూడదని ఆయన అన్నాడట, ఈవిడ మానేసిందట, అక్కడితో అయిపోయిందట. అయిపోలేదు. ఇన్నేళ్ళూ ఆ పాట ఆవిడ లోపల ఎక్కడుందో ఏం తిని బతికిందో కానీ, ఇప్పుడు బయటికి వస్తుంటే మండువా చాల్లేదు. మాట దగ్గర చీలింది, చీలిన చోటునుంచే ఇంకా పైకి వెళ్ళింది. ఫోన్లో ఆయన గొంతు తెగుతూ వచ్చిన చోటు అది. త్రినీ అక్కడ నిలబడింది. నిలబడి, అందరికీ వినపడేలా మళ్ళీ ఒకసారి ఊపిరి పీల్చుకుంది.

*నా అలికిడొస్తుంది.*

మెట్టు మెట్టుగా, ఒక్క మెట్టూ దాటెయ్యకుండా, పాటని కిందికి దించింది. దానితోపాటే సమారా చేతులు దిగాయి, భుజాలు దిగాయి, మోకాళ్ళు వంగాయి. పాట నేలకి తాకినప్పుడు ఆమె కూడా నేల మీద ఉంది.

వీధిలో స్కూటర్ ఒకటి ఆగింది. ఎదురింటి మేడ మీద కిటికీ తెరుచుకుంది. సలూద్ ఏడుస్తోందో లేదో ఆమెకే తెలియదు. గుడిలో కూడా ఎన్నడూ కలగని భయం లాంటి భక్తి కలిగింది ఆమెకి, వంటింట్లో పక్కపక్కన నిలబడి ఉల్లిపాయలు తరిగిన మనిషి మీద.

"దించాను," అంది త్రినీ, శాలువా అంచుతో నోరు తుడుచుకుని. "ఇంక పడుకుంటాడు."

సమారా పాకుతూ వచ్చి ఆవిడ ఒళ్ళో తల పెట్టింది, బూట్ల మీదే. ముసలమ్మ బూట్లని పక్కకి జరిపి చోటిచ్చింది.

"ఎల్లుండి ఎన్ని గంటలకే?"

"ఏవిటి నానమ్మా?"

"నీ ఆట. ఆ చోటు ఖాళీగా వదిలేస్తావా? నేనొస్తాను. ఈ నల్లబట్టలతోనే వస్తాను. కుర్చీ మాత్రం మన ఇంటినుంచే పట్టుకెళ్ళాలి, వాళ్ళ కుర్చీలు నా నడుముకి పడవు. ఆ బార్సిలోనా అబ్బాయికి చెప్పు, నేను ఊపిరి పీల్చుకునేటప్పుడు వాడి డప్పులు నోరు మూసుకోవాలి."

లొరెన్సో లేచి నిలబడ్డాడు. బల్ల పట్టుకుని లేచాడు, లేచాక నిటారుగా అయ్యాడు.

"త్రినీ, నాలుగ్గోడల మధ్య జరిగింది నేను చూడలేదనుకుంటాను. శోకంలో ఉన్న విధవ స్టేజీ ఎక్కడం ఈ పేటలో లేదు. వాడు బతికుంటే నిన్ను పాడనిచ్చేవాడా?"

"బతికుంటే నేను పాడాల్సిన పనేముంది బావగారూ?"

"నువ్వు ఆ స్టేజీ ఎక్కిన రోజు నాకు తమ్ముడి ఇల్లు లేదు."

"పెదనాన్నా," అన్నాడు బస్తియాన్. అతని చెయ్యి నేల మీది కత్తెర కోసం వెళ్ళింది.

"సలూద్," అన్నాడు లొరెన్సో ఎవరివైపూ చూడకుండా. "నా టోపీ ఇయ్యమ్మా."

తగువు తీర్చడానికి వచ్చిన పెద్దమనిషి తీర్చకుండా టోపీ అడిగాడంటే అర్థం ఏమిటో మనవాళ్ళలో పసిపిల్లలకి కూడా తెలుసు. ఇంటి ఆడది ఆ టోపీ చేతికిచ్చిందంటే సరేనన్నట్టే. ఇక మీద ఈ ఇంట్లో బాప్టిజానికి ఎవరూ రారు, పెళ్ళికి రారు, చివరికి పాడె మొయ్యడానికి కూడా రారు. ఇవ్వనంటే, పెద్దాయన మాటకి ఎదురు చెప్పిన మొదటి కోడలు తనవుతుంది.

"ఇచ్చెయ్యి సలూద్," అంది త్రినీ మెల్లగా. "ఆయన్ని నిలబెట్టకు."

కొక్కెం మీంచి టోపీ తీసింది సలూద్. మండువాకి తీసుకొచ్చింది. లొరెన్సో చెయ్యి చాపాడు. ఆమె ఆ చేతిలో టోపీ పెట్టలేదు. తన గుండెలకి ఆనించి పట్టుకుంది.

"మామయ్యా, ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి." తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఇందాక పిల్లకి బూట్లు లేవు. ఈయన చేతిలో గిటారు లేదు. మరి తాళం వేసిందెవరు?"

"ఏ తాళం?"

"అత్తయ్య పాడినంతసేపూ ఈ బల్ల మీద మోగింది. పాట దిగేదాకా ఆగలేదు. నేను చూశాను."

సమారా తలెత్తింది. త్రినీ కూడా బావగారి వైపు చూసింది. మొహంలో ఎగతాళి లేదు ఆవిడకి, జాలి కూడా లేదు.

లొరెన్సో చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు. తమ్ముడు పోయిన రోజున ఒట్టు పెట్టుకుని దింపేసిన చెయ్యి అది. వేళ్ళ కణుపులు ఎర్రగా కమిలి ఉన్నాయి, ఒకచోట చర్మం కూడా లేచింది. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు, ఎవరో తెచ్చి తన మణికట్టుకి తగిలించిన పరాయి చెయ్యిని చూసినట్టు.

టోపీ ఇంకా సలూద్ దగ్గరే ఉంది. ఆయన మళ్ళీ అడగలేదు. కూర్చోనూ లేదు.